ఎవరి కంట్లో సత్యవ్వ

"నువ్వు నోరు తెరవకు. గంతే. నీకు దండం పెడ్త."

జమున కూతురి మణికట్టు పట్టుకొని పెరట్లోకి లాక్కొచ్చింది. ప్రవళిక భుజానికి బ్యాగు ఇంకా అట్లాగే వేలాడుతోంది. హైదరాబాదు బస్సు జగిత్యాలలో దిగి, ఆటో మారి, బుగ్గారం దాటి ఇల్లు చేరేసరికి వాకిట్లో మేనమామ సురేశ్ కారు అద్దాలు తుడుస్తూ కనబడ్డాడు. లోపల తండ్రి హన్మండ్లు మస్కట్ నుంచి తెచ్చుకున్న కొత్త అంగీ వేసుకొని, తడి చేత్తో జుట్టు వెనక్కి దువ్వుకుంటున్నాడు. పెళ్లికి పోయే మనిషిలా ఉన్నాడు.

"ఏమైందమ్మా? బాపు ఏడికి పోతుండు?"

"కోరుట్లకు. బాపమ్మ కన్ను జూస్తందుకు."

ప్రవళికకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక బ్యాగు కింద పెట్టింది.

"బాపమ్మ కన్ను కోరుట్లల ఎందుకుంటది? ఎవలికీ పెట్టలేదని నీకు ఫోన్ల జెప్పిన గద."

"జెప్పినవ్. నేనే మీ బాపుకు జెప్పలే."

జమున చెంగుతో మొహం తుడుచుకుంది. అత్త సత్యవ్వ పోయి నెల అవుతోంది. రేపే మాసికం. చావుకు రాలేకపోయిన కొడుకు నిన్ననే దిగాడు.

"గా దినం ఫోన్ల ఎంత లొల్లి జేసిండో నీకు తెల్వదు బిడ్డా. ఎవల్నడిగి మా అవ్వ కండ్లు తీయించినవ్ అని. నాకు కాళ్లు చేతులు ఆడలే. ఎవలికో చూపొచ్చిందట అన్న. గంతే, ఫోన్ల ఏడ్సిండు. 'అయితె మా అవ్వ ఇంకా చూస్తున్నట్టే జమునా' అన్నడు. గప్పటి సంది రోజు గదే ముచ్చట. ఎవలు, ఏ ఊరు, ఆడోళ్లా మగోళ్లా అని. ఎట్ల జెప్పుమంటవ్ ఇగ?"

"గందుకని మామ ఒక మన్షిని తయారు జేసిండా?"

"తయారు జేసుడేంది! కోరుట్లల ఎవలో హమాలీకి గా రోజులల్లనే కొత్త కన్ను పెట్టిండ్లట. మీ మామ ఆయననే అయ్యుంటడు అన్నడు. మీ బాపు గదే పట్టుకున్నడు. రేపు బోయినపల్లి నుంచి బాపమ్మ తల్లిగారోళ్లు వస్తరు. వాళ్లందరి ముంగట గాయనను కూసోవెట్టాలె అంటుండు."

ప్రవళిక గోడకు ఆనుకుంది. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఆమె మూడేళ్లుగా చేసేది కంటి పనే. కంటి డాక్టరు కాదు. మనిషి కంటి ముందుండే గాజులాంటి పొర, కార్నియా, ఏ ప్రొటీన్ల వల్ల కరిగిపోకుండా నిలుస్తుందో వెతికే విద్యార్థిని. సత్యవ్వ కార్నియాలు రోగికి అమర్చడానికి పనికిరాలేదని, జమున అంగీకారం ప్రకారమే పరిశోధనకు పంపామని కంటి బ్యాంకు అమ్మాయి ఆమెకే ఫోన్ చేసి చెప్పింది.

"తమ్ముడు సాగర్ సంగతన్న జెప్పినవా?"

జమున తల అడ్డంగా ఊపింది. "వానికి డ్రైవర్ వీసా పట్టుకొచ్చిండు. నిన్న నలుగురి ముంగట వాన్ని కావలించుకొని జెప్పిండు. గప్పుడు ఎట్ల జెప్తనే?"

"వానికి డ్రైవింగ్ గాదమ్మా, పొద్దుగూకితె సైకిల్ గూడ ఇయ్యొద్దని డాక్టర్ జెప్పిండు."

"ప్రవళికా!" లోపలి నుంచి హన్మండ్లు గొంతు. "అచ్చినవా బిడ్డా? కాళ్లు గడుక్కొని కారెక్కు. మీ బాపమ్మను జూసొద్దం."

జమున రెండు చేతులూ జోడించింది. ప్రవళిక ఆ చేతులను దించింది. కానీ మాట ఇవ్వలేదు.

*

కోరుట్లలో బుచ్చయ్య ఇల్లు రెండు గదుల రేకుల ఇల్లు. అరుగు మీద అతని భార్య చేట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. కారు ఆగగానే చేట పక్కన పెట్టి లేచింది.

బుచ్చయ్య నల్లద్దాలు పెట్టుకొని బయటికి వచ్చాడు. రైసుమిల్లులో బస్తాలు మోసిన భుజాలు. అరవై దాటినా నిటారుగా ఉన్నాడు.

"కూసోండ్రి. సురేశ్ పటేల్ జెప్పిండు, మీరొస్తరని."

హన్మండ్లు కూర్చోలేదు. అతని చూపు ఆ నల్లద్దాల మీదే ఉంది.

"ఎట్లయింది అన్నా కన్నుకు?"

"మిల్లుల ఊక వడ్డది తమ్మీ. నలిచిన. ఎవలో పసరు పోసిండ్లు. మెడికల్ షాపుల చుక్కలు తెచ్చుకున్న. వారం తిరుగకముందే నల్లగుడ్డు మీద తెల్లగ పుండు లేసింది. ఆస్పత్రికి పోతె, పొర కరిగిపోతుంది, జర ఆలస్యమైతె గుడ్డే పోతుండె అన్నరు. ఎవలో పుణ్యాత్ములు ఇచ్చిన పొర కుట్టిండ్లు."

కరిగిపోవడం అనే మాట దగ్గర ప్రవళిక తల ఎత్తింది. తన చదువంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. దాన్ని బతికి చెప్తున్న మనిషిని ఇంత దగ్గరగా చూడటం అరుదు.

"అద్దాలు తీస్తవా అన్నా?" హన్మండ్లు అడిగాడు.

బుచ్చయ్య తీశాడు. ఎడమ కన్ను ఇంకా కొంచెం ఎర్రగా ఉంది. నల్లగుడ్డు మీద పొర తేటగా ఉంది. చుట్టూ వెంట్రుకంత సన్నటి కుట్లు.

హన్మండ్లు దగ్గరికి జరిగాడు. ఇంకా దగ్గరికి. తల ఒక పక్కకు వంచి, ఒక కన్ను సగం మూసి, ఊపిరి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు.

"అవ్వా," అన్నాడు. "నేనే. హన్మండ్లును. అచ్చిన."

బీడీలు చుట్టే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సురేశ్ కారు తాళం చెవిని వేళ్ల మధ్య తిప్పుతూ బయటికి చూశాడు. బుచ్చయ్య కదలకుండా నిలబడ్డాడు. అతని రెండు కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

"తమ్మీ, ఎవలిదో నాకు జెప్పలే. జెప్పరట గూడ. మీ అవ్వదే అయితె, గా తల్లికి నేను కాళ్లు మొక్కుత."

"మా అవ్వదే అన్నా. నాకు కనవడ్తుంది." హన్మండ్లు సంచిలోంచి కొత్త లుంగీ, తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టాడు. "రేపు మాసికం. నువ్వు రావాలె. మా అవ్వ కూసునే కాడ నిన్ను కూసోవెట్టి అన్నం వెడ్త. రేపే గాదు, ఏటేటా రావాలె. నీకు ఏం కష్టమొచ్చినా నాకు జెప్పాలె. ఇయ్యాల్టి సంది నువ్వు మా ఇంటి మన్షివి."

బుచ్చయ్య తన భార్య వైపు చూశాడు. ఆమె నెమ్మదిగా "వస్తం బాబూ" అంది.

ప్రవళిక అప్పటిదాకా గడప దగ్గరే ఉంది. తల్లి జోడించిన చేతులు గుర్తొచ్చాయి. కానీ ఈ ఇద్దరు భార్యాభర్తలు రేపు ఆ పంక్తిలో కూర్చుంటారు. ఏడాది పొడుగునా తమది కాని బంధుత్వం మోస్తారు. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు నిజం అనేస్తారు. అప్పుడు దొంగలయ్యేది బుచ్చయ్యే.

"బాపూ, గది బాపమ్మ కన్ను గాదు."

"ప్రవళికా!" సురేశ్ చటుక్కున తిరిగాడు. "నువ్వు ఊకో."

"ఎందుకు ఊకోవాలె మామా? గాయన తప్పేం లేదు. మన అబద్ధం గాయన నెత్తినెందుకు పెట్టుడు?" తండ్రి వైపు తిరిగింది. "బాపమ్మ కన్ను ఎవలికీ పెట్టలే బాపూ. పెట్టరాలే. మోతిబిందు, గదే శుక్లాల ఆపరేషన్ అయిన కండ్లు, ఎనభై ఏండ్ల కండ్లు. లోపలి పొరల కణాలు తగ్గిపోయినయ్. ఇంకొకలికి కుడితె నిలువయి. గందుకని పరిశోధనకు ఇచ్చిండ్లు."

హన్మండ్లు ఆమె మొహంలోకి చూశాడు. తరువాత సురేశ్ వైపు. సురేశ్ నేల చూపులు చూశాడు.

బుచ్చయ్య లుంగీని, తువ్వాలును మడత చెదరకుండా ముందుకు చాపాడు.

"ఉంచుకో అన్నా," అన్నాడు హన్మండ్లు. వాకిలి దిగిపోయాడు.

వెనక నుంచి బుచ్చయ్య పిలిచాడు. "తమ్మీ, ఇది గూడ ఎవలో ఏడ్సుకుంట ఇచ్చిందే. గాళ్లెవలో నాకు తెల్వదు, గాళ్లకు నేను తెల్వదు. నువ్వు రమ్మంటె రేపు వస్త. మీ అవ్వకు దండం వెట్టి పోత."

హన్మండ్లు కారు తలుపు తెరవబోయి, పిడి అందక ఒకసారి గాలిలో తడుముకున్నాడు.

*

కారు మేడిపల్లి దాటింది. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. సురేశ్ వాటిని తప్పిస్తూ నెమ్మదిగా నడుపుతున్నాడు.

"ఆపు," అన్నాడు హన్మండ్లు.

దిగి రోడ్డు పక్క నిలబడ్డాడు. ప్రవళిక కూడా దిగింది. సురేశ్ కారులోనే ఉండిపోయాడు.

"కోసిండ్లా?"

అబద్ధానికి ఇంకా దారి ఉంది. 'నాకు తెల్వదు' అంటే సరిపోతుంది.

"కోసుంటరు బాపూ. కోయకుంటె లోపలేమున్నదో తెల్వది."

"నువ్వే కోసినవా?"

"తెల్వది. మా ల్యాబుకు కన్ను పేరుతోని రాదు, నంబరుతోని వస్తది. ఎవలిదో మాకు జెప్పరు. అడుగద్దు గూడ."

"మా అవ్వను నంబరు జేసిండ్లు." అతను వడ్ల కుప్పను చూస్తూ అన్నాడు. "మా అవ్వ ఊళ్లె నడుస్తె ఎదురొచ్చినోళ్లు పక్కకు జరుగుతుండిరి. గామెను ముక్కలు జేసి, నంబరేసి..." మాట తెగిపోయింది. "ఏం దొరికింది గా కంట్ల? జెప్పు. గంత చదువు చదివినవ్ గద."

ఆ వెటకారం ప్రవళికకు తగిలింది. కానీ ఆమె చెప్పగలిగిన విషయం అదొక్కటే ఉంది ప్రపంచంలో. దాన్ని ఎవరు ఎట్లా అడిగినా చెప్తుంది.

"బుచ్చయ్య పెద్దనాయిన కన్ను ఎందుకు కరిగింది బాపూ? ఊక తోని గాదు. మన ఒంట్ల, మన కంట్ల ఎంజైములని ఉంటయి. దెబ్బ తగిల్తె, పాడైన కాడ తిని సాపు జేస్తయి. గప్పుడే కొత్తది కట్టుకుంటది. అవి లేకుంటె పుండు మానదు. కాని వాటికి హద్దు తెల్వది. పాడైనది అయిపోయినంక మంచిదాన్ని గూడ తింటయి."

హన్మండ్లు వింటున్నాడో లేదో తెలియడం లేదు.

"గందుకే పక్కపొంటి ఇంకో రకం ప్రొటీన్లు ఉంటయి. గవి పోయి ఎంజైమును పట్టుకుంటయి. మూతి తెరవనియ్యయి."

"గుంటుక కొట్టేటప్పుడు ఎద్దు పంట మెయ్యకుండ మూతికి చిక్కెం కట్టినట్టు," అన్నాడు హన్మండ్లు, తనకు తెలియకుండానే.

"ఆ. గట్లనే. ఎద్దు లేకుంటె ఎవుసం లేదు. చిక్కెం లేకుంటె పంట లేదు." ఆమె గొంతులో ఉత్సాహం పొంగింది. "కన్ను ఇంత తేటగ, గాజు లెక్క జీవితమంత ఎట్లుంటదో తెలుసా బాపూ? గా ప్రొటీన్లు కాపలా ఉంటయి గనుక. కొందరికి అవి తక్కువుంటయి. ఎందుకు తక్కువైతయో ఇంకా ఎవలికీ పూర్తిగ తెల్వది. రోగమున్న కండ్లు ఆపరేషన్లల్ల మాకు దొరుకుతయి. మంచి కండ్లే దొరకయి. మంచి కన్ను ఎట్లున్నదో చూడకుంట చెడ్డది ఎందుకు చెడిందో ఎట్ల జెప్త? బాపమ్మ బతుకంత వరి కోసింది, పొయ్యి ఊదింది, దుమ్ముల తిరిగింది. గా పొర చెక్కుచెదరలే. గది మాకు బంగారం."

"మీకు బంగారం," అన్నాడు హన్మండ్లు. "నాకు అవ్వ."

కారెక్కాడు. ఇల్లు చేరేదాకా కిటికీలోంచి మొహం తిప్పలేదు.

*

జమున వాకిట్లోనే ఎదురైంది. కూతురి మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"నెల దినాలు నన్ను పిచ్చోన్ని జేసినవ్," అన్నాడు హన్మండ్లు. అరవలేదు. అరిచి ఉంటే జమున ఎప్పటిలా తలవంచుకొని లోపలికి పోయేదేమో. "అక్కడ కంపెనీల అందరికి జెప్పుకున్న. మా అవ్వ కండ్లు బతికున్నయని. ఎవలిచ్చిండ్లు నీకు గా హక్కు?"

"మీ అవ్వ ఇచ్చింది."

అతను ఆగాడు.

"మోతిబిందు ఆపరేషన్ కు నేను తోల్కపోయిన. ఆస్పత్రిల పక్కమంచం మీద ఒక పోరి, కన్ను తెల్లగై పండుకున్నది. పెట్టేతందుకు పొర లేక ఎదురుచూస్తుండె. మీ అవ్వ గామెతోని పొద్దంత మాట్లాడింది. ఇంటికొచ్చినంక జెప్పింది, 'నేను పోయినంక నా కండ్లు కాల్వెట్టకుండ్రి' అని. పని జేస్తె ఎవలికన్న పెట్టుండ్రి, చెయ్యకుంటె చదువుకునే పోరగాండ్లకియ్యిండ్రి అన్నది. గా చివరి మాట గూడ గామెదే. నేను కలిపింది గాదు."

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వు అడిగితివా?" జమున కొంగు నడుముకు దోపుకుంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె గొంతు ఆ ఎత్తులో విన్నవాళ్లు లేరు. "మంచంల వడ్డ సంది గామె మూతి తుడిసిన, ఒళ్లు గడిగిన. నీ పేరు పిలిస్తె ఫోన్ చెవి కాడ వెట్టిన. గామె పాణం పోయినంక, ఇంటి ముంగట ఏడుపులు నడుస్తనే ఉండంగ, కంటి బ్యాంకోళ్లను లోపలికి తోల్కపోయి తలాపున నిలవడ్డ. కన్ను మూసి మళ్ల మొహం ఎప్పటి లెక్క జేసి ఇచ్చిండ్లు. గంత జేసిన దాన్ని, నీకొక్క మాట జెప్పలేకపోయిన. నీ ఏడుపు ఇనలేక. గది నా తప్పు. కండ్లిచ్చుడు మాత్రం తప్పు గాదు. ఇంకోపాలి అడిగినా ఇస్త."

హన్మండ్లు అరుగు మీద కూలబడ్డాడు. ఎవరూ దగ్గరికి పోలేదు. వాకిట్లో రేపటి వంటకు తెచ్చిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి.

చాలాసేపటికి సాగర్ చెంబుతో నీళ్లు తెచ్చాడు. తండ్రి పట్టుకున్న గ్లాసులోకి వంచాడు. నీళ్లు గ్లాసు పక్క నుంచి హన్మండ్లు మోకాలి మీద పడ్డాయి.

"నజర్ ఏడున్నదిరా?" హన్మండ్లు విసుక్కున్నాడు. "గిట్లయితె మస్కట్ల బండి ఎట్ల తోల్తవ్?"

సాగర్ అక్క వైపు చూశాడు. ప్రవళిక తల ఊపింది.

"నేను తోలరాదు బాపూ," అన్నాడు సాగర్. ఇరవై రెండేళ్ల పిల్లవాడు. గడ్డం ఇంకా పూర్తిగా రాలేదు. "అక్క హైదరాబాదుల చూపెట్టింది. నా కంటి పొర పల్చబడుతున్నదట. పల్చబడి ముంగటికి ఉబ్బుతున్నదట, మొగ్గ లెక్క. అద్దాలు ఎన్ని మార్చినా ఆగలే. డాక్టర్ లైసెన్సే అద్దన్నడు."

"ఎప్పటి సంది?"

"ఇంటర్ల ఉన్నప్పటి సంది. కండ్లు దురద వెడ్తె నలుసుకుంటుంటి. గది గూడ చెయ్యద్దట."

హన్మండ్లు భార్యను చూశాడు. ఈసారి ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఇది గూడ దాసిండ్లు నా తోని."

"ఇయ్యాల దాయలే గద," అంది ప్రవళిక. అరుగు మీద తండ్రి పక్కన కూర్చుంది. "బాపూ, తమ్మునికి తక్కువున్నయి గా ప్రొటీన్లే కావచ్చు. తొవ్వల నీకు జెప్పినయే. నేను మూడేండ్ల సంది చదువుతున్నది గీ రోగమే. వీనికుందని తెల్వకముందు సంది. నా చదువు తోని వీనికి ఇప్పుడే నయమైతది అని అబద్ధం జెప్ప. కాని ఇంకా పల్చబడకుంట ఆపెతందుకు వైద్యం ఉన్నది. చుక్కలేసి, కంటి మీద ఒక తీరు వెలుగు పట్టి పొరను గట్టి జేస్తరు. జల్దీ చేపియ్యాలె. చేపిస్తె వీడు గుడ్డోడు గాడు. డ్రైవర్ గాకపోతె ఇంకోటి అయితడు. నాకు ఆ ఫికర్ లేదు."

ఆమె మాటలో తొణుకు లేదు. ఆ ధీమాకు జమున ముఖం కొంచెం తేరుకుంది.

పొద్దు వాలింది. వీధిలో దీపం వెలిగింది.

"ఎట్ల కనవడ్తదిరా నీకు?" హన్మండ్లు గొంతు మారింది. "గా దీపం. ఎట్ల కనవడ్తది?"

సాగర్ కళ్లు చిట్లించాడు. "ఒక్కటి గాదు బాపూ. మూడు. ఒకదాని మీద ఒకటి. కిందికి తోక లెక్క జారినట్టు. ఒక కన్ను మూసినా గట్లనే."

హన్మండ్లు కూడా దీపాన్నే చూస్తున్నాడు. తల ఒక పక్కకు వంచి, ఒక కన్ను సగం మూసి.

"నాకు నాలుగు," అన్నాడు.

జమున చేతిలోని గిన్నె నేలకు తగిలి మోగింది.

"మూడేండ్ల సంది. బండి తోల్తుంటె ఎదురొచ్చే బండ్ల లైట్లు చెదిరి గాజుపెంకుల లెక్క కనవడ్తుండె. అలసట అనుకున్న. ఉప్పుగాలి అనుకున్న. మొన్న కంపెనోళ్లు అందరికి కండ్ల పరీక్ష వెట్టిండ్లు." అతను మోకాలి మీది తడిని అరచేత్తో రుద్దాడు. "నేను సెలవు మీద రాలే జమునా. ఇగ రావద్దన్నరు. గందుకే పోరన్ని పంపుదమనుకున్న, నా జాగల."

కారు దగ్గరున్న సురేశ్ ఎప్పుడు వెళ్లిపోయాడో కూడా ఎవరూ గమనించలేదు.

ప్రవళిక లేచి లోపల లైటు వేసింది. తండ్రిని చేయిపట్టి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. కోరుట్లలో బుచ్చయ్య ముందు అతను మెడ వంచిన తీరు, తలుపు పిడికి తడుముకున్న చేయి ఇప్పుడు వరుసగా కలిశాయి. తాను దుఃఖం అనుకున్నది దుఃఖం ఒక్కటే కాదు.

"తల ఎత్తు బాపూ. ఇప్పుడు తల కదపకుంట కండ్లు మాత్రమే కిందికి జూడు. నీ కాళ్ల దిక్కు."

హన్మండ్లు చూశాడు. కింది రెప్ప మధ్యలో మొన తేలింది. లోపల నుంచి ఎవరో వేలితో నొక్కినట్టు. సాగర్ కింది చూపులో ఆమె దాన్నే చూసింది. ఆస్పత్రిలో డాక్టరు వేలు పెట్టి చూపించింది కూడా దాన్నే.

"ఏం కనవడ్డది?"

ఆమె సాగర్ వైపు చూసింది.

"కోరుట్లల నలుగురి ముంగట నా మొకం మీద జెప్పినవ్ గద బిడ్డా. ఇప్పుడేమాయె?"

"నాకు కనవడ్డది జెప్త. డాక్టర్ మిషన్ మీద చూసినంకనే పక్కా." ఆమె గాలి పీల్చుకుంది. "నీకు గూడ ఉన్నది బాపూ. తమ్మునికున్నదే."

జమున గోడ పట్టుకుంది. హన్మండ్లు మాత్రం భయపడ్డట్టు కనిపించలేదు. చాలా రోజులుగా మోస్తున్న బస్తా దించుకున్న మనిషిలా వెనక్కి ఆనుకున్నాడు.

"బాగయితదా?"

"నీ ఈడుకు అది తనంత తానే ఆగుతది ఎక్కువగ. గట్టి లెన్సు పెట్టుకుంటె దీపం ఒక్కటిగ కనవడచ్చు. మాసికం అయినంక ఎల్లుండి ఇద్దరిని తోల్కపోత. ఎవలు అద్దన్నా."

"అద్దని ఎవలంటరు?" అన్నాడు హన్మండ్లు. కాసేపు పైకప్పును చూశాడు. "పోరనికి నా నుంచి అచ్చిందా?"

"కావచ్చు. ఇంట్ల ఒకలికుంటె ఇంకొకలికి వచ్చుడు ఉంటది."

"మరి నాకు? మా అవ్వ సూదిల దారం గుచ్చుతుండె, మంచంల వడేముందు గూడ. గామెకు లేదు. నాకున్నది. నా కొడుక్కున్నది. గామె కంట్ల ఉన్న కాపలా నా కంట్లకెందుకు రాలే?"

ప్రవళిక అతని వైపే చూస్తూ నిలబడిపోయింది. ఆమె గైడు కూడా ఇంత సూటిగా ఎన్నడూ అడగలేదు.

"గదే బాపూ. మేం అడుగుతున్నది గదే."

"గామె కన్ను, నా కన్ను, వీని కన్ను పక్కపక్కన వెట్టి చూస్తె తెలుస్తదా?"

"తెలుస్తదని పక్కా జెప్పరాదు. కాని ఒకే ఇంట్ల, రోగమున్నోళ్లు, లేనోళ్లు గిట్ల దొరుకుడు మాకు ఎన్నడూ కాలే. కాని..." ఆమె తడబడింది. "నంబరు వెనుక పేరు విప్పుమని మేం అడుగరాదు. ఇంటోళ్లు, కొడుకు అడిగితె విప్పుతరో లేదో నాకు తెల్వది. గట్ల ఎవలూ అడుగలే ఇంతవరకు."

హన్మండ్లు లేచాడు. గోడకు సత్యవ్వ ఫొటో, కొత్త పూలదండతో. దాని ముందు నిలబడ్డాడు.

"కొడుకును నేనే గద. నేనడుగుత. ఫోన్ కలుపు."

"బాపూ, నెల దాటింది. ల్యాబులల్ల పని ఆగదు. పరీక్షలకు వాడేసి ఉండచ్చు."

"మొత్తమా?"

ఆమె ఫోన్ తీసి కంటి బ్యాంకు అమ్మాయి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి తండ్రి చేతికిచ్చింది. అది రెండు చేతులా పట్టుకున్నాడతను. జమున వచ్చి అతని పక్కన నిలబడింది.

అవతల ఎవరో ఎత్తారు.

"నేను సత్యవ్వ కొడుకును మాట్లాడుతున్న," అన్నాడు హన్మండ్లు. "మా అవ్వ కన్ను... ఇంకా ఏమన్న మిగిలున్నదా అమ్మా?"